వీడియో ఆటలు – చట్టమా? తల్లిదండ్రులా?



పిల్లల వీడియో ఆటల్లో కాల్పులూ, నరుక్కోవడాలూ చూసినప్పుడల్లా “ప్రభుత్వం వీటిని ఆపదేం?” అనుకుంటాం కదూ! అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ పనే చేయబోయింది. పద్ధెనిమిదేళ్లలోపు వారికి మరీ హింసాత్మకమైన ఆటలు అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా అని 2005లో చట్టం చేసింది. దానిపై సంతకం పెట్టిన గవర్నరు ఎవరో తెలుసా? సినిమాల్లో తుపాకులతో పేరు తెచ్చుకున్న ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్!

2011లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పుస్తకాలకున్న వాక్‌స్వాతంత్ర్యం ఆటలకూ ఉంటుందనీ, పిల్లలు చదివే గ్రిమ్ సోదరుల కథల్లో మాత్రం హింస లేదా అనీ అన్నది. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. తల్లిదండ్రులను దాటి పిల్లలకు ఏదైనా చేర్చే హక్కు ఎవరికీ లేదన్నారు వారిలో ఒకరు.

మన దేశంలో 2020లో పబ్జీని నిషేధించారు. అదీ హింస ఉందని కాదు, దేశభద్రత దృష్ట్యా. మరుసటి ఏడే అలాంటి ఆట మరో పేరుతో వచ్చింది.

చట్టం వద్దని నేననను. అంగడిలో అమ్మేవాణ్ణి అది ఆపగలదు. కానీ ఆట ఇప్పుడు మన ఫోన్‌లోకే వస్తోందే! ఆట పేరు కింద 12+, 16+, 18+ అని వయసు వేసి ఉంటుంది. ముందు అది చూడండి. డౌన్‌లోడ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. ఓ పావుగంట పక్కన కూచుని, ఆ ఆటేమిటో పిల్లవాణ్ణే అడగండి. ఈ పని అమ్మ ఒక్కదానిదే కాదు, నాన్నగారినీ కూచోబెట్టండి.