సోరెమడిలో పడినవారు



మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్యాల చరిత్ర 1948లో వచ్చింది. అందులో రాజుల యుద్ధాలకు ఎంత చోటుందో, ఊళ్ళ వ్యవసాయానికి, వర్తకానికి కూడా అంత గౌరవముంది. ఆ చూపుతోనే ఈ పూట పుంగనూరు, మదనపల్లె పొలాల్లోని వీరగల్లుల గురించి, అంటే పోరులో పడినవారికి వేసిన రాళ్ళ గురించి మాట్లాడతాను. శాతవాహనుల నుంచి రేనాటిచోళుల దాకా చరిత్ర ఈ సభకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. నేరుగా తొమ్మిదో శతాబ్దంలోకి దిగుతాను.

అప్పుడు ఈ నేల నలుగురి పొలిమేర. చిప్పిలి కేంద్రంగా రేనాడు ఏడువేలు అనే సీమను ఏలే వైదుంబులు, వారి పొరుగున బాణులు, హేమావతి నుంచి నొళంబులు, ఆ వెనుక తలకాడు గంగులు. గండత్రినేత్ర వైదుంబ మహారాజు బాణుల పక్షాన నిలిచి, సోరెమడి అనే చోట నొళంబులతోను, గంగరాజు రాచమల్లుతోను తలపడ్డాడు. ఆ పోరులో పడినవారికి వేసిన రాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నాయి.

ఒక రాయి ముందు కూర్చుంటే సంగతి తెలుస్తుంది. కొన్నిట వీరుడొక్కడే, ఒక చేత కత్తి, ఒక చేత డాలు. మరికొన్నిట మూడు అంతస్తులు: కింద పోరు, నడుమ వీరుణ్ణి చెరోపక్క పట్టి తీసుకుపోయే అప్సరసలు, పైన వీరస్వర్గం. అక్షరాలు బొమ్మ చుట్టూ, ఖాళీ ఉన్న చోటల్లా సర్దుకుంటాయి. మొదట రాజు, ఆయన బిరుదులు. తరవాత ఎవరి మీద పోరు. చివర పడినవాడి పేరు. రాజు పేరు మనకు వేరేచోట కూడా దొరుకుతుంది. ఆ చివరి పేరు మాత్రం ఆ రాయి మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

ఇక్కడే చరిత్రకారులైన మిత్రులతో నాకు పేచీ. సోరెమడి యుద్ధం ఏ సంవత్సరంలో జరిగిందని వారు దశాబ్దాలుగా తగువు పడుతున్నారు. ఒకరు శతాబ్దం మొదట్లో అంటారు, ఒకరు చివర్లో అంటారు. ఈ రాళ్ళలో చాలావాటికి శకవర్షమే లేదు. గంగులలో రాచమల్లు ఒక్కడు కాదు. మిగిలింది లిపి. అక్షరం వంపు చూసి పాతికేళ్ళు ముందుకో వెనక్కో జరపవచ్చు గాని, సంవత్సరం తేల్చడం ఎవరి తరం? మరికొందరు రాళ్ళు దొరికిన చోట్లన్నీ పటం మీద గుర్తుపెట్టి, అదే రణరంగమన్నారు. అయ్యా, రాయి వీరుడు పడినచోటే కాదు, పుట్టిన ఊళ్ళో కూడా వేసేవారు! సోరెమడిని పెనుకొండ వైపు చోళెమర్రిగా గుర్తించారు. రాళ్ళేమో చిత్తూరు సీమలో దొరుకుతున్నాయి. అంటే ఆ పటం చూపేది యుద్ధభూమిని కాదు, ఏ ఊళ్ళు మనుషుల్ని పంపాయో ఆ ఊళ్ళను. ఇది నా దృష్టిలో తేదీ కన్నా పెద్ద సంగతి. మందలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడి రాయి కూడా ఇదే సీమలో, ఇదే పద్ధతిలో ఉంటుంది. పొలిమేర ఊరికి రాజు యుద్ధమూ, ఆవుల దోపిడీ రెండూ ఒకే గడప దాకా వచ్చేవి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చోళులు, విజయనగరం అందరికీ తెలిసినవే, దాటేస్తాను. పాలెగాళ్ళ కాలం నాకంత రుచించదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి రావడం, మన్రో పాలెగాళ్ళను అణచడం, 1847లో కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీయడం, ఇవి మీరు చదివినవే.

ఇక ఈ వీరగల్లుల ఇవాళ్టి సంగతి రెండు ముక్కల్లో. కొన్ని రాళ్ళు పసుపు కుంకుమలతో దేవుళ్ళయి బతికాయి. కొన్ని కట్టడాల్లో, కాలవగట్లలో కలిశాయి. కొన్నిటిని మ్యూజియానికి తరలించారు, భద్రమే, కాదనను. కానీ ఊరి పేరు, ఏ పొలం గట్టున ఏ దిక్కుకు మొహం పెట్టి ఉందో రాసుకోకుండా రాయిని కదిలిస్తే, ఇందాక చెప్పిన పటంలో ఒక ఊరు చెరిగిపోతుంది. కాబట్టి కుర్ర పరిశోధకులకు నా విన్నపం: ముందు అక్కడే అచ్చు తీయండి, చోటు రాయండి, ఆ తరవాతే క్రేను పిలవండి. తేదీ తగువు ఎప్పుడైనా పడవచ్చు.