పసుపెక్కిన డెకాల్ షీటు, బాలానగర్ నాన్నగారి మిగ్-21

ఈ వారం ఒక్క ప్రశ్నే తీసుకుంటున్నా, ఎందుకంటే దానికి టైమ్ తక్కువ ఉంది.

కువైట్ నుంచి ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో మిగ్-21 ప్లాస్టిక్ కిట్టు కొన్నారట, 1:72 సైజుది. వాళ్ల నాన్నగారు హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. నెలన్నరలో అన్న సెలవు మీద ఇంటికి వెళ్తున్నారు, అది నాన్న చేతిలో పెట్టాలని ఆశ. అతికించడం అయింది, పెయింటు అయింది. తీరా డెకాల్ షీటు బయటికి తీస్తే పసుపెక్కిపోయి ఉంది. ఒక చిన్న ముక్క నీళ్లలో వేస్తే మూడు ముక్కలైందట. "ఇక పడేయడమేనా?" అని అడిగారు.

పడేయకన్నా. ఆ షీటు ఇంకా పనికొస్తుంది.

కొత్తగా వినేవాళ్లకు ఒక్క మాట. డెకాల్ అంటే మామూలు స్టిక్కర్ కాదు. చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్‌లో బొమ్మ వచ్చేది, తడిపి చేతికి అద్దుకునేవాళ్లం చూడండి, దానికి చుట్టం. కింద కాగితం, దాని మీద నీళ్లకు కరిగే జిగురు, ఆపైన వార్నిష్ లాంటి పల్చటి పొర, ఆ పొరలో అచ్చు. నీళ్లలో ముంచితే జిగురు కరిగి పొర జారి వస్తుంది. ఏళ్లు గడిస్తే ఆ పొర పసుపెక్కుతుంది, అప్పడంలా పెళుసవుతుంది.

ఇంత పల్చటి పొరే ఆ విమానం ఎవరిదో చెబుతుంది. అదే మిగ్ మీద ఎర్ర నక్షత్రం వేస్తే సోవియట్‌ది. నడుమ ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం వేస్తే మనది. 1963లో మన వాయుసేనలోకి వచ్చి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న విమానం అది. బాలానగర్‌లోని ఆ ఏవియానిక్స్ యూనిట్ 1965లో మొదలైందే మిగ్‌ల కోసం. అక్కడ పనిచేసిన మనిషికి రెక్క మీద గుర్తు లేని మిగ్ ఇస్తే ఎలా ఉంటుంది?

సరే, పనిలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు, షీటును చదునుగా పరిచి, పక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. స్కానర్ దొరికితే ఇంకా మంచిది. రేపు షీటు మొత్తం పాడైనా కొలతలు మీ దగ్గర ఉంటాయి.

తర్వాత పసుపు. షీటును జిప్ కవర్లో పెట్టి, అచ్చు ఉన్న వైపు బయటికి ఉండేలా ఎండ తగిలే కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. ఎండే ఆ పసుపును లాగేస్తుంది. కొన్నిటికి కొద్ది రోజులు, కొన్నిటికి వారాలు. గల్ఫ్‌లో ఎండకు కొదవ లేదు కదా, ఒక్కసారైనా అది మన పనికి రానీ. రోజూ చూస్తూ ఉండండి. రంగులు వెలుస్తున్నట్టు అనిపిస్తే తీసేయండి.

పసుపు పోయాకే పెళుసు సంగతి. మైక్రోస్కేల్ వాళ్ల లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ అని చిన్న సీసా దొరుకుతుంది, మెత్తటి బ్రష్‌తో షీటంతా ఒక్క పూత వేయాలి. దొరక్కపోతే మెరిసే క్లియర్ లాకర్ స్ప్రే పల్చగా రెండుసార్లు. దయచేసి ఆరుగురు పడుకునే రూములో స్ప్రే కొట్టొద్దు. దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది, ఊపిరికీ మంచిది కాదు. టెర్రస్ మీదికో, గాలి ఆడే చోటుకో వెళ్లండి.

ఒక రోజంతా ఆరనివ్వండి. ఇప్పుడు షీటు మొత్తం ఒకే పొర అయిపోయింది, కాబట్టి ప్రతి గుర్తునూ కొత్త బ్లేడుతో అంచు దగ్గరగా విడిగా కోయాలి. ముందు అక్కర్లేని ముక్కతో పరీక్ష చేయండి. కిట్టులో ఎప్పుడూ వాడని నంబర్లు నాలుగైనా ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి తీసి, తడి కాగితం మీద ఒక నిమిషం వదిలేయండి. గుర్తు దానంతట అదే కదిలేదాకా బలవంతం చేయొద్దు.

అన్నా, మీ పెయింటు మ్యాట్ అయితే ముందు విమానం మీద గ్లాసీ క్లియర్ కోటు పడాలి. గరుకు పెయింటు మీద డెకాల్ పెడితే కింద గాలి ఇరుక్కుంటుంది, ఆరాక వెండి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. అలా అయినా భయం లేదు. సన్నటి సూదితో అక్కడక్కడ గుచ్చి, మైక్రో సాల్ చుక్క వేయండి. ఎర్ర లేబుల్ సీసా అది. డెకాల్ ముడతలు పడి, పాడైపోయిందా అనిపిస్తుంది. వేలు పెట్టకండి. ఆరేకొద్దీ అదే చదునవుతుంది.

పరీక్ష ముక్క మళ్లీ విరిగిపోతే? కొత్త షీటు విడిగా అమ్ముతారు, మిగ్-21కి భారత్ గుర్తులు దొరకడం మరీ కష్టమేం కాదు. టైముకు రాకపోతే ఖాళీ డెకాల్ పేపర్ మీద మీ ఫోటో కొలతలతో ప్రింటు తీయొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు ప్రింటర్ తెలుపు రంగు వేయదు. పారదర్శకమైన పేపర్ మీద తీస్తే మీ తెల్ల వలయం బూడిద రంగు విమానం మీద బూడిదగానే కనిపిస్తుంది, కాషాయం కూడా మురికిగా ఉంటుంది. అందుకే తెల్ల డెకాల్ పేపర్ తీసుకుని గుండ్రంగా కోయండి. ఇంక్‌జెట్ ప్రింటయితే క్లియర్ స్ప్రే కొట్టకుండా నీళ్లలో ముంచొద్దు, ఇంకు కారిపోతుంది.

నన్నడిగితే రెక్కల మీద పెద్ద గుర్తుల్ని పెయింటుతో వేయడమే మేలు. సర్కిల్ కట్టర్‌తో మాస్కింగ్ టేపు కోసి, ముందు తెల్ల వృత్తం మొత్తం వేసి, అది ఆరాక తెలుపు ఉండాల్సిన వలయాన్ని టేపుతో మూసి, లోపల ఆకుపచ్చ, బయట కాషాయం. నంబర్లకు మాత్రం డెకాలే దిక్కు.

ప్రయాణం గురించి. స్ప్రే డబ్బా, థిన్నర్ లగేజీలో పెట్టొద్దు, చెక్ ఇన్‌లో కూడా తీసుకోరు. విమానాన్ని మాత్రం గట్టి అట్టపెట్టెలో, రెక్కల కింద స్పాంజ్ పెట్టి, చేతి సంచిలోనే తీసుకెళ్లండి.

అన్నా, పరీక్ష ముక్క ఏమైందో శుక్రవారంలోపు మెసేజ్ పెట్టండి. కొత్త షీటు ఆర్డర్ పెట్టాల్సి వస్తే ఇంకా టైముంది.