బుర్రకథ దళమునకొక చిన్న వీడియో

తంబుర మీటుచు, బొటనవ్రేలి అందెలు మ్రోయించుచు చిందులు వేయు కథకుడును, ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు హాస్యపు వంత, రాజకీయపు వంతయును కలిసి గంటలకొలది రక్తి కట్టించు బుర్రకథను, జాతర కమిటీవారు రెండు నిమిషములు చూచి బయానా ఇచ్చునట్లు చేయుట ఎట్లు?

వేలకు వేలు ధారపోయనక్కరలేదు. రెండు సెల్‌ఫోన్లు, ఒక స్టాండు చాలును. ఒక ఫోనును అడ్డముగా నిలిపి బొమ్మ తీయుచు, రెండవదానిని కథకుని చెంతనుంచి ధ్వనిని మాత్రమే గ్రహింపవలెను. ఏలయనగా, చూపరి మసక బొమ్మనైన సహించును గాని, గుమ్మెటల మ్రోతలో మాట మునిగిన కథను సహింపడు. ఆరంభమున ఒక్కమారు గట్టిగా చప్పట చరచినచో, ఆ చప్పుడే పిమ్మట బొమ్మను, ధ్వనిని జతపరచుటకు ఆనవాలగును. ఎండ వాలిన వేళ ఆరుబయట తీసినచో దీపముల ఖర్చు తప్పును.

ఒకే ఘట్టమును మరల మరల ఆడించి, ఒకమారు దళమంతయు, ఒకమారు ముఖములు, ఒకమారు అందెలు తొడిగిన చేయి మాత్రమే కనబడునట్లు తీసికొనుడు. వీడియోను ప్రార్థనతో గాక, విఘ్నేశ్వరుడు మన్నించుగాక, హాస్యపు వంత విసరిన చమత్కారముతోను, దానికి విరగబడి నవ్వు జనముతోను ఆరంభించుటయే నా మతము. సినిమా పాటలను వెనుక జొప్పింపకుడు. హక్కుదారుల అభ్యంతరముతో వీడియోయే తొలగింపబడవచ్చును. కడపట దళము పేరు, ఊరు, ఫోను నంబరు పెద్ద అక్షరములలో, వ్రాసికొనుటకు వ్యవధి చాలునంతసేపు నిలుపుడు.