టెక్సస్‌లో వోచర్ల వాదు

2023 ఆరంభంలో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఊరూరా ప్రైవేటు క్రైస్తవ బడులకు వెళ్లి, తల్లిదండ్రుల సభల్లో ఒకే మాట చెప్పారు: ప్రభుత్వ సొమ్ముతో పిల్లల్ని మీకు నచ్చిన బడిలో చదివించుకోండి అని. దీన్నే స్కూల్ వోచర్ అంటున్నారు.

దీనికి గట్టిగా అడ్డుపడింది ఆయన సొంత రిపబ్లికన్ పార్టీలోని పల్లె ప్రాంతాల శాసనసభ్యులే. చాలా పల్లెల్లో ప్రైవేటు బడే లేదు. ఉన్న ప్రభుత్వ బడే ఊరికి పెద్ద ఉపాధి, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్‌కు ఊరంతా కలిసేదీ అక్కడే. ఆ నవంబరులో 21 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి వోచర్లను ఓడించారు. ఆబట్ ఊరుకోలేదు. 2024 ప్రైమరీ ఎన్నికల్లో తన పార్టీలోని ఆ వ్యతిరేకుల మీదే ప్రచారం చేశారు, పలువురు ఓడిపోయారు. చివరికి 2025 మే 3న వోచర్ల చట్టంపై సంతకం పెట్టారు. దీనికి మొదట కేటాయించింది వంద కోట్ల డాలర్లు. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లకు ఏడాదికి సుమారు పదివేల డాలర్లు, వైకల్యమున్న పిల్లలకు ముప్పైవేల దాకా.

ఇది మనకూ సంబంధించినదే: టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మన తెలుగువాళ్లు చాలామంది మంచి ప్రభుత్వ బడి చూసే ఇల్లు కొంటారు, అందుకే భారీ ఆస్తిపన్ను కడతారు. ప్రభుత్వ బడికి నిధులొచ్చేది ప్రధానంగా హాజరును బట్టి. పిల్లలు తగ్గితే డబ్బూ తగ్గుతుంది, బస్సు ఖర్చు మాత్రం తగ్గదు. నన్ను కలవరపెట్టేది మరొకటి: ప్రభుత్వ బడి తన పరిధిలోని పిల్లను కాదనలేదు, ప్రైవేటు బడి కాదనగలదు. సీటు ఇవ్వాలా వద్దా అన్నది ఆ బడి ఇష్టమే.