గర్భఫలము – సంఘము బాధ్యత
(స్త్రీల మైత్రి కూటములో ఇచ్చిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవములో మాట్లాడమన్నప్పుడు సాధారణంగా మన పూర్వికుల సేవను జ్ఞాపకము చేసికొని దేవుని స్తుతిస్తాము. అది తగినదే. అయితే కమిటీవారు నాకిచ్చిన అంశము బరువైనది: గర్భస్రావము, మానవ ప్రాణము విలువ. ఈ పేరెత్తగానే మనలో కొందరు తల వంచుకుంటారు. కొందరు ఇది డాక్టర్ల సంగతి అంటారు. మరికొందరు ఇది పాపమని ఒక్క మాట చెప్పి ముగిద్దామంటారు. ఈ మూడింటిలో ఏదియు చాలదని నా మనవి.

మొదట వాక్యము సంగతి చూద్దాము. 139వ కీర్తనలో కీర్తనకారుడు తాను తల్లి గర్భములో నిర్మింపబడుచుండగానే దేవుని కన్ను తనమీద ఉన్నదని చెప్పుచున్నాడు. యిర్మీయా తన పిలుపు తన పుట్టుకకంటె ముందటిదని సాక్ష్యమిచ్చినాడు. మరియ వందన వచనము విని ఎలీసబెతు గర్భములోని శిశువు గంతులు వేసినట్లు లూకా వ్రాసినాడు. గర్భములోని బిడ్డ దేవునికి తెలియని వస్తువు కాదు. ఆయన పేరు పెట్టి పిలువగల ప్రాణము.

అయినను మనము యథార్థముగా మాట్లాడాలి. గర్భస్రావమును పేరుతో ఎత్తి చెప్పిన ఆజ్ఞ బైబిలులో లేదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో, ఇద్దరు పోట్లాడుకొనుచుండగా గర్భిణికి దెబ్బ తగిలిన సంగతి ఉన్నది. ఆ భాగము అర్థము విషయములో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కాని ఆదిసంఘము మార్గము స్పష్టమే. రోమా రాజ్యములో అప్పుడే పుట్టిన శిశువును పెంచుటయా, బయట పారవేయుటయా అనేది తండ్రి ఇష్టము. అపొస్తలుల కాలమునకు దగ్గరలోనే వ్రాయబడిన దిదాకే అను సంఘోపదేశ గ్రంథము గర్భమును చంపుటను, పుట్టిన శిశువును చంపుటను రెండింటిని పక్కపక్కనే నిషేధించినది. రెండును ఒకే వరుసలో ఉన్నవి, గమనించండి.

ఇక చట్టము సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రకారము, తల్లి ప్రాణము కాపాడుటకు తప్ప గర్భస్రావము చేయుట నేరముగా ఉండెను. నేరమైనంత మాత్రాన అది ఆగలేదు, చాటుకు పోయినది. పల్లెలలో పుల్లలతోను వేళ్లతోను నాటువైద్యము చేయించుకొని తల్లులు రక్తము పోయి, చీము పట్టి చనిపోయినారు. ఈ పరిస్థితిని విచారించుటకు 1964లో శాంతిలాల్ షా కమిటీని నియమించినారు. అది 1966లో నివేదిక ఇచ్చినది. దానిమీద వచ్చినదే 1971 చట్టము; 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2021 సవరణ ప్రకారము 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయము, కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయము కావలెను.

ఈ చట్టమును కేవలము దుష్టత్వమని నేను అనలేను. తల్లి ప్రాణము పోవుచుండగా చేతులు కట్టుకొని నిలుచున్న డాక్టరు బిడ్డను కూడ కాపాడలేడు. బలాత్కారమునకు గురియైన బాలికను తీసికొని ఆసుపత్రి మెట్లెక్కిన తల్లిదండ్రులమీద రాయి వేయుటకు నా చెయ్యి లేవదు. అట్టి చోట్ల కన్నీటితో ప్రార్థన చేయుటే కాపరి పని. అయితే చట్టము అనుమతించినదంతయు మేలైనది కాదు. సౌకర్యమే ప్రాణమునకు కొలబద్ద అయితే, ఆ కొలబద్ద రేపు వృద్ధులమీద, వికలాంగులమీద కూడ పెట్టబడును.

సహోదరులారా, ఇంతవరకు చెప్పినది ఏ ఊరిలోనైనను చెప్పవచ్చును. కాని మన నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతములో ఈ ప్రశ్న వేరొక ముఖముతో వచ్చినది. ఆ ముఖము ఆడశిశువుది.

దేవరకొండ, చందంపేట ప్రాంతముల తండాలలో ఆడశిశువులను పుట్టగానే చంపుచున్నారన్న వార్త దేశమంతట వ్యాపించినది. 1999లోను, మరల 2001లోను, మధ్యవర్తులు ఈ తండాల తల్లులకు కొద్ది డబ్బు చేతిలో పెట్టి ఆడశిశువులను తీసికొనిపోయి, హైదరాబాదులోని కొన్ని సంస్థల ద్వారా దత్తత పేరుతో విదేశములకు పంపుచున్నారని బయటపడినది. పోలీసు కేసులు నడిచినవి. పేదరికము వలన, ఆడపిల్ల అయినందువలన బిడ్డను సంస్థలకు అప్పగించుటను 2001లో రాష్ట్ర ప్రభుత్వము నిషేధించినది. ఆ సంస్థలలో కొన్నిటికి క్రైస్తవ పేర్లు ఉండెనని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. బిడ్డను రక్షించుచున్నామని చెప్పి బిడ్డకు ధర కట్టినారు.

ఈ మాట విని లంబాడీ సహోదరులను క్రూరులని తీర్పు తీర్చవద్దు. వారిలో పూర్వము కట్నము లేదు. వరుని వారే పిల్ల తండ్రికి ఓలి ఇచ్చి పెండ్లి చేసికొనేవారు. ఆడబిడ్డ పుట్టుట ఇంటికి నష్టము కాదు. తరువాత మైదాన ప్రజలను చూచి కట్నము తండాలోనికి వచ్చినది. వర్షము లేదు, బావి ఎండినది, వలస తప్పలేదు, దానిమీద కట్నము. అప్పుడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ అప్పుగా కనబడినది. ఆ కట్నము ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మన దగ్గర నేర్చుకున్నారు.

పట్టణములలో అదే పని స్కానింగు మిషనుతో జరుగుచున్నది. లింగ నిర్ధారణను నిషేధించు చట్టము 1994లో చేయబడి 1996 జనవరి 1 నుండి అమలైనది. 2003లో దానిని ఇంకను బిగించినారు. బిడ్డ ఆడో మగో చెప్పుట నేరము, చెప్పుమని అడుగుట కూడ నేరము. అయినను లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేండ్లలోపు పిల్లలలో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. చదువు పెరిగినది, బడులు పెరిగినవి, ఆసుపత్రులు పెరిగినవి, ఆడపిల్లలు తగ్గినారు. ఇది తండా పాపము మాత్రమే కాదు, మేడల పాపము కూడ.

నిర్గమకాండము మొదటి అధ్యాయము తెరచి చూడండి. మగబిడ్డలను చంపి ఆడబిడ్డలను బ్రదుకనియ్యుమని ఫరో ఆజ్ఞాపించినాడు. షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఆ ఆజ్ఞను మీరినారు. మన దగ్గర ఆజ్ఞ తలక్రిందులైనది: మగబిడ్డ బ్రదుకవలెను, ఆడబిడ్డ పోవలెను. మరి మన ఫరో ఎవరు? సింహాసనము మీద ఎవడును లేడు. పెండ్లి మాటలలో చాపమీద కూర్చొని, పిల్లవానికి ఎంత ఇస్తారని అడుగు మనమే ఆ ఫరో. 1961 నుండి కట్న నిషేధ చట్టమున్నది. అయినను గుడిలో ప్రమాణము చేయించకముందే ఇంటిలో బేరము ముగియుచున్నది.

ఒక కూలి తల్లి పార్సనేజికి వచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికిని నన్ను విడువలేదు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, మూడవ కాన్పు. "అయ్యగారు, బిడ్డను తీసేయొద్దని మీరు చెప్తరు. మల్ల ఆడివిల్లనే పుడితె మా అత్త ఇంట్ల ఉండనియ్యదు. కన్నంక ఎవరు సాకుతరు? పెండ్లి ఎవరు చేస్తరు?" అన్నది. ఆమె అడిగినది వేదాంత ప్రశ్న కాదు. దానికి జవాబు ప్రసంగపీఠము మీదనుండి ఇచ్చునది కాదు. నేను, పాస్టరమ్మ కలిసి ఆమె అత్తతో మాట్లాడినాము. మైత్రి తల్లులు వంతులవారీగా ఆ ఇంటికి పోయినారు. బిడ్డ పుట్టినది, ఆడబిడ్డే. అత్త మూడు నెలలు ముఖము తిప్పుకున్నది. ఇప్పటికిని ఆ ఇంటిలో సణుగుడు ఉన్నది. కాని బిడ్డ కూడ ఉన్నది.

2017లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు దవాఖానాలో ప్రసవమునకు మగబిడ్డకు 12,000 రూపాయలు, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ప్రకటించినది. మంచి ఉద్దేశమే. కాని వెయ్యి రూపాయలతో కట్నము తూగదు. తూచవలసినది సంఘము మనస్సు.

గనుక ఈ నూరేండ్ల పండుగ సందర్భములో మూడు సంగతులు మీ ముందు పెట్టుచున్నాను.

ఒకటి, పెండ్లి ప్రకటనలు. గుడిలో మూడు ఆదివారములు పేర్లు చదువకముందే పాస్టరు, పెద్దలు ఉభయ కుటుంబములను కూర్చోబెట్టి కట్నము సంగతి అడుగవలెను. కట్నము తీసికొన్న పెద్ద ఇతరులను అడుగలేడు. కనుక పెద్దల ఇండ్లనుండి మొదలు కావలెను.

రెండు, పిడికెడు బియ్యము. వంటకు ముందు ఒక పిడికెడు తీసిపెట్టి దేవునికి తెచ్చు అలవాటు మన తల్లులది. ఆ బియ్యము అనేక పల్లెలలో సంఘ సేవను నిలబెట్టినది. ఇప్పుడు దానిలో ఒక భాగము గర్భిణియైన పేద తల్లికి, ఆమె ఏ కులమైనను, ఏ తండాయైనను, చేరవలెను. సాకలేని తల్లిని మధ్యవర్తి చేతిలో పడనియ్యక చట్టబద్ధముగా శిశుగృహకు తీసికొనిపోవు బాధ్యత కూడ మైత్రిదే.

మూడు, కృతజ్ఞతార్పణ. మగబిడ్డ పుట్టితే ఆదివారము మిఠాయి పంచి కానుక చదివించుదురు. ఆడబిడ్డ పుట్టితే కవరు కనబడదు. ఇకమీదట ఆడబిడ్డ బాప్తిస్మమునాడు సంఘమంతయు లేచి నిలిచి ఆ బిడ్డను తనదిగా స్వీకరించవలెను. ఆ తల్లి తన అత్త ఎదుట తలెత్తుకొనునట్లు మనము చేయవలెను.

హాగరు అరణ్యములో నీళ్లు అయిపోయి, బిడ్డ చావును చూడలేక వానిని పొద క్రింద పడవేసి దూరముగా కూర్చుండి ఏడ్చినది. దేవుడు ఆమెను హంతకురాలని పిలువలేదు. ఆమె కష్టమేమని అడిగి, నీళ్ల ఊటను చూపి, పిల్లవానిని లేవనెత్తుమన్నాడు. మన మెట్టభూములలో అట్టి హాగరులు అనేకులున్నారు. తీర్పు చెప్పుట సులభము. నీళ్లు మోయుట కష్టము. బిడ్డను చంపవద్దని చెప్పు హక్కు, బిడ్డతోపాటు తల్లిని మోసిన సంఘమునకే ఉన్నది.

అట్టి సంఘముగా మనలను రానున్న నూరేండ్లలో దేవుడు నడిపించునుగాక. ఆమేన్.