ఇందూరు (నిజామాబాద్) సీమ ఇంటిపేర్లు



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆ సారు, కొత్త మనిషి కనబడితే ముందు అడిగే మాట: "మీ ఇంటిపేరేంది బిడ్డా?" కులం ఆరా తీయడానికి కాదు. పేరులోంచి ఊరిని పట్టుకోవడం ఆయనకు ఇష్టం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్లే. అర్గుల్ రాజారాం గారి పేరులో మన అర్గుల్ ఉంది. ధర్మపురి శ్రీనివాస్ గారి పేరులో గోదావరి ఒడ్డు ధర్మపురి ఉంది. ఇంటిపేరు ఎట్లా పుడుతుందో చూడాలంటే శాసనాలు తిరగేయనక్కర లేదు. పోచారం శ్రీనివాసరెడ్డి గారి అసలు ఇంటిపేరు పరిగె. బాన్సువాడ పక్కనున్న సొంతూరు ఆయన పేరు ముందుకు వచ్చి నిలిచిపోయింది. తాళ్లపాక అన్నమయ్య పేరులో ఊరు చేరిందీ ఇట్లాగే. బోధన్ దాటి మరాఠీ నేలకు పోతే దెగ్లూర్‌కర్, నాందేడ్‌కర్ ఎదురవుతారు.

మనిషి ఊరు విడిచినా పేరు ఊరిని విడవదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. మంజీర నీళ్లను, చెరుకును నమ్ముకుని కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఇక్కడే పుట్టిన వాళ్ల మనవలు కోస్తాలోని ఆ సొంతూళ్లు చూడకపోయినా, వాటిని ఇంటిపేరులో మోస్తున్నారు. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది, పేర్లు మిగిలాయి.

వేల్స్ దేశంలో కథ వేరు. అక్కడ ఊరు కాదు, తండ్రి పేరే గుర్తు. 'ఆప్' అంటే కొడుకు. ఆప్ రీస్ కాస్తా ప్రైస్ అయ్యాడు, ఆప్ హవెల్ పావెల్ అయ్యాడు, జాన్ కొడుకు జోన్స్ అయ్యాడు. వేల్స్‌ను ఇంగ్లండులో కలిపిన 1536, 1543 చట్టాలతో ఇంగ్లీషు కోర్టులు, ఇంగ్లీషు రికార్డులు వచ్చాక, తరానికోసారి మారే ఈ పేర్లు క్రమంగా గడ్డకట్టాయి. తండ్రుల పేర్లు కొన్నే కాబట్టి ఇంటిపేర్లూ కొన్నే మిగిలాయి. ఒకే ఊళ్లో జోన్స్‌లు ఎక్కువైతే పాల జోన్స్ అని వృత్తితో పిలుచుకోవలసి వచ్చింది.

నిజాం కాలపు ఉర్దూ రికార్డు చూసినవారికి తండ్రి పేరుతో గుర్తించే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. రాజన్న వల్ద్ ఎల్లన్న, అంతే. ఎల్లన్న కొడుకు రాజన్న. శిస్తు వసూలుకు ఆ మాత్రం చాలు. ఇంటిపేరు జనం నోట బతికింది.

అయితే అందరి పేరూ ఒకే తీరుగా బతకలేదు. నన్ను బాధించేది ఇదే. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన పాలకుర్తి ఐలమ్మ గారి ఇంటిపేరు చిట్యాల. లోకం మాత్రం ఆమెను చాకలి ఐలమ్మ అనే ఎరుగును. దొరలకు ఊరి పేరు, పని చేసేవారికి కులం పేరు. బడిలో పిల్లవాణ్ణి చేర్చుకునేటప్పుడు కమ్మరి, వడ్ల, మంగలి అని రాసేస్తే, తరతరాల ఇంటిపేరు ఆ ఒక్క గీతతో మరుగున పడేది. తర్వాత సర్టిఫికెట్లన్నీ దాన్నే నకలు చేశాయి. ఆ కులం పేరును గర్వంగా నిలుపుకున్నవారూ ఉన్నారు, అది వారి హక్కు. కానీ ఎంచుకోవడం వేరు, అంటగట్టడం వేరు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. పెళ్లితో పుట్టింటి పేరు కాగితం మీది నుంచి పోతుంది. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ముసలమ్మలే నాలుగు తరాల వియ్యాల పేర్లు తడుముకోకుండా చెబుతారు. ఈ రాత్రే మీ ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి ఆమె పుట్టింటి పేరు, వాళ్లమ్మ పుట్టింటి పేరు, అవి ఏ ఊరివో అడిగి రాసుకోండి.