రిప్లీ పట్టణపు దీపము

అమెరికాలో ఒహాయో నది యుత్తర తీరమున రిప్లీ యను చిన్న పట్టణము కలదు. దాని వీథులలో నిలిపిన చారిత్రక ఫలకములను చదువుచు నడచువానికి ఆ నది యొక సరిహద్దుగా తోచును. ఏలయన, ఆవలి గట్టున కెంటకీలో మనుష్యుల క్రయవిక్రయములు చట్టసమ్మతములై యుండగా, ఈవలి గట్టున బానిసత్వము నిషిద్ధమై యుండెను.

ఊరిపైని కొండమీద జాన్ రాంకిన్ అను మతాచార్యుని చిన్న యిటుక యిల్లు నేటికిని నిలిచియున్నది. 1822లో రిప్లీకి వచ్చిన ఆయనయు, ఆయన భార్యయు, పదుమువ్వురు బిడ్డలును, చీకటిలో నది దాటి కొండ యెక్కి వచ్చిన దీనులకు అన్నము పెట్టి, ఉత్తర దిశగా సాగనంపుచుండిరి. ఆ యింటి కిటికీలోని దీపమే వారికి గుఱుతని ప్రసిద్ధి. పసిబిడ్డ నెత్తుకొని, గడ్డకట్టిన నదిపై నడచివచ్చిన యొక తల్లి కథయే ‘అంకుల్ టామ్స్ కేబిన్’ నవలలోని ఎలైజా పాత్రకు మూలమందురు.

నాకు మాత్రము నదియొడ్డున నున్న జాన్ పార్కర్ గృహమే మిక్కిలి హృదయంగమము. ఎనిమిదవ యేట అమ్ముడుపోయి, 1845లో 1800 డాలర్లు చెల్లించి తన్ను తానే విడిపించుకొన్న ఈ నల్లజాతి వీరుడు, పగలు ఇనుపపోత కర్మాగారమున శ్రమించుచు, రాత్రులందు పడవపై ఆవలి గట్టున కేగి బానిసలను తోడ్కొనివచ్చుచుండెను. పరారైన బానిసలకు సాయపడువారిని శిక్షించు 1850 నాటి కఠిన శాసనమునకును ఆతడు వెనుదీయలేదు. తరువాతి కాలమున పొగాకు నొక్కు యంత్రమునకు పేటెంటు సయితము పొందెను. ఆ యింటిని స్థానికులు శ్రద్ధతో పునరుద్ధరించి ప్రదర్శనశాల గావించిరి. దాని ముంగిట నిలిచినచో కెంటకీ తీరము స్పష్టముగా కానవచ్చును.